కాలి ధమనుల పూడిక: నడకనొప్పి చరిత్ర

కాళ్లకు రక్తం తీసుకెళ్లే ధమనుల్లో కొవ్వు, సున్నం పేరుకుని దారి సన్నబడితే నడిచేటప్పుడు పిక్కలో నొప్పి పుడుతుంది. ఆ నొప్పిని వైద్యులు ఇంటర్మిటెంట్ క్లాడికేషన్ అని, అసలు జబ్బును పెరిఫెరల్ ఆర్టరీ డిసీజ్ అని అంటారు. ఈ వ్యాసంలో నొప్పిని నడకనొప్పి అని పిలుస్తున్నాం. 2010 నాటికి ప్రపంచంలో సుమారు 20 కోట్ల మందికి ఈ జబ్బు ఉందని అంచనా. వీళ్లలో చాలామందికి నొప్పే తెలియదు. తెలిసినవాళ్లు వయసు మీదపడిందనో, మోకాళ్లు అరిగాయనో, నరాల బలహీనత అనో అనుకుని బీ కాంప్లెక్స్ సూదులతో ఏళ్లు నెట్టుకొస్తారు.

నొప్పి తీరు

ఈ నొప్పికి ఒక లెక్క ఉంటుంది. ఇంత దూరం నడిస్తే పిక్క పట్టేస్తుంది, నిలబడితే కొద్ది నిమిషాల్లో వదిలేస్తుంది, మళ్లీ దాదాపు అంతే దూరానికి మళ్లీ పట్టుకుంటుంది. గట్టెక్కినా, మెట్లెక్కినా ఇంకా ముందే వస్తుంది. ఊరికే కూర్చున్నప్పుడు కండరానికి కావలసిన రక్తం కొంచెమే, దాన్ని సన్నబడిన ధమని కూడా అందించగలదు. నడకలో ఆ అవసరం ఎన్నో రెట్లు పెరుగుతుంది. ప్రాణవాయువు చాలక కండరం వేరే దారిలో శక్తి తయారుచేసుకోవడం మొదలుపెడితే ఆమ్లాలు పేరుకుని నొప్పి పుడుతుంది. పూడిక తొడలో ఉంటే పిక్క నొస్తుంది. పొట్ట అడుగున, పెద్ద ధమని రెండుగా చీలే చోట ఉంటే పిరుదులు, తొడలు నొస్తాయి.

వెన్నుపూసల మధ్య నరం నొక్కుకున్నా నడిస్తే కాళ్లు లాగుతాయి. అయితే వాళ్లకు ఊరికే నిలబడితే చాలదు, కూర్చోవాలి లేదా ముందుకు వంగాలి. సిరల జబ్బు ఉన్నవాళ్లకు సాయంత్రానికి కాళ్లు బరువెక్కి వాస్తాయి, దిండు మీద కాళ్లెత్తి పడుకుంటే హాయిగా ఉంటుంది. ధమని బాగా పూడినవాళ్ల సంగతి దీనికి తలకిందులు. పడుకుంటే పాదం మంటెత్తుతుంది, అర్ధరాత్రి లేచి మంచం అంచున కూర్చుని కాలు కిందికి వేలాడేస్తే నెమ్మదిస్తుంది. రక్తం కనీసం భూమ్యాకర్షణ సాయంతోనైనా వేళ్ల దాకా దిగుతుంది కాబట్టి. ఈ దశకు వచ్చిన కాలికి పుండు పడితే మానదు.

గుర్రం కాలి నుంచి మనిషి కాలికి

ఈ నొప్పికీ మూసుకుపోయిన ధమనికీ ఉన్న లంకెను మొదట స్పష్టంగా రాసిపెట్టినవాడు పశువైద్యుడు. 1831లో ఫ్రాన్స్‌లో జాన్ ఫ్రాన్స్వా బూలే ఒక బండిగుర్రం గురించి రాశాడు. ఆ ఆడగుర్రం బండి లాగుతూ కొంతసేపు బాగానే పరిగెత్తేది. తర్వాత వెనక కాళ్లు బిగుసుకుపోయేవి, కుంటేది. కాసేపు ఆపితే ఏమీ జరగనట్టే మళ్లీ నడిచేది. చచ్చిపోయాక కోసి చూస్తే రెండు తొడల్లోని ధమనులూ గడ్డలతో మూసుకుపోయి ఉన్నాయి.

లండన్ శస్త్రవైద్యుడు బెంజమిన్ బ్రోడీ 1846లో మనుషుల్లో ఇలా కుంటడాన్నే వర్ణించాడు. అయినా పేరు నిలిచింది పారిస్ వైద్యుడు జాన్ మార్టిన్ షార్కోకే. 1858లో ఆయన తుపాకీ గుండు దెబ్బతో కటి ధమని పాడైన ఒక రోగి గురించి చెప్పాడు. కొద్దిసేపు నడిస్తే కాలు తిమ్మిరెక్కి ఆగిపోయే మనిషి అతను. బూలే గుర్రం కథ చదివి ఉండడం వల్లనే తాను ఆ రోగిని అర్థం చేసుకోగలిగానని షార్కో దాచకుండా చెప్పాడు. పశువైద్యం నుంచి మనుషుల వైద్యం ఇంత నేరుగా పాఠం నేర్చుకున్న సందర్భాలు ఎక్కువగా కనిపించవు.

నడవలేనివాళ్లు ఆ రోజుల్లో నరాల వైద్యుడి దగ్గరికే వెళ్లేవారు. జర్మనీలో హైడెల్‌బర్గ్ నరాల వైద్యుడు విల్‌హెల్మ్ ఎర్బ్ 1898లో ఈ జబ్బు మీద విస్తారంగా రాస్తూ పాదం మీద నాడి దొరుకుతుందో లేదో చూడాలని పట్టుబట్టాడు. పాదం పైభాగాన ఒకచోట, లోపలి చీలమండ వెనక ఒకచోట వేళ్లు ఆనిస్తే కొట్టుకోవాలి. ఖర్చులేని ఈ పరీక్షను నేటికీ చాలాచోట్ల చేయరు, చెప్పులూ సాక్సులూ విప్పించే ఓపిక ఎవరికీ ఉండదు.

పొగాకు పాత్ర

తన రోగుల్లో పొగతాగేవాళ్లు మరీ ఎక్కువగా ఉన్నారని ఎర్బ్ 20వ శతాబ్దపు తొలి ఏళ్లలోనే గమనించాడు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ సిగరెట్టుకూ ఉన్న సంబంధం రుజువు కావడానికి దాదాపు అర్ధశతాబ్దం ముందు మాట ఇది. ఎవరూ పెద్దగా చెవిన పెట్టలేదు.

ఇదే కాలంలో మరో రూపం బయటపడింది. ఫెలిక్స్ ఫాన్ వినివార్టర్ 1879లో కోసి తీసేసిన ఒక కాలిని సూక్ష్మదర్శినితో పరిశీలించి ధమని గోడ లోపల మందమెక్కిందని రాశాడు. న్యూయార్క్ మౌంట్ సైనాయ్ ఆస్పత్రిలో లియో బర్గర్ 1908లో అలాంటి 11 కాళ్లను పరీక్షించి అది వేరే జబ్బని తేల్చాడు. ఇందులో కొవ్వు పేరుకోవడం ఉండదు. నలభై దాటని మగవాళ్లలో చిన్న ధమనులూ సిరలూ వాచి, గడ్డకట్టి, వేళ్లు నల్లబడతాయి. బర్గర్స్ డిసీజ్ పేరుతో పిలిచే ఈ జబ్బు మన దేశంలో బీడీ తాగే శ్రామికుల్లో బాగా కనిపిస్తుంది. పొగాకు పూర్తిగా మానినవాళ్లకు కాలు తీసేయాల్సిన అవసరం చాలా అరుదుగా వస్తుంది. రోజుకు ఒకటే తాగుతున్నానని చెప్పేవాడికి మాత్రం జబ్బు ముదురుతూనే ఉంటుంది. పొగాకు మానడాన్ని మించిన మందు ఆ జబ్బుకు ఈనాటికీ లేదు.

రాజుగారి కాలు, పారిస్ సిర

ఆపరేషన్లతో బాగుచేసే ప్రయత్నం మొదట నరాలనే పట్టుకుంది. ధమనిని బిగించి ఉంచే సింపథెటిక్ నరాల ముడులను నడుము దగ్గర తెంపేస్తే నాళాలు వదులై రక్తం ఎక్కువ పారుతుందని ఆశ. 1920లలో అర్జెంటీనాలో జూలియో డియెజ్, ఫ్రాన్స్‌లో రెనే లెరీష్ దీన్ని ప్రాచుర్యంలోకి తెచ్చారు. బ్రిటన్ రాజు ఆరవ జార్జి ఎడాపెడా సిగరెట్లు కాల్చేవాడు. 1948 చివర్లో కాలు తీసేయాల్సి వస్తుందేమోనన్న భయంతో ఆయన ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ పర్యటన వాయిదా పడింది. 1949 మార్చిలో బకింగ్‌హామ్ ప్యాలెస్‌లోనే ఒక గదిని ఆపరేషన్ థియేటర్‌గా మార్చి, జేమ్స్ లియర్మంత్ ఆయనకు ఈ సింపథెక్టమీ చేశాడు. కాలు దక్కింది. 1951లో క్యాన్సర్ వల్ల ఊపిరితిత్తి తీసేశారు, 1952 ఫిబ్రవరిలో రాజు చనిపోయాడు.

ఇంతకన్నా మంచి ఆపరేషన్ అప్పటికే పుట్టింది. లెరీష్ దగ్గర పనిచేసే జాన్ క్యున్లాన్ 1948 జూన్‌లో పారిస్‌లో రోగి కాలి నుంచే పొడుగాటి సఫేనస్ సిరను తీసి, తొడలో పూడిక పైనుంచి దాని దిగువకు అతికాడు. సిరలో రక్తాన్ని గుండె వైపే పోనిచ్చే కవాటాలుంటాయి కాబట్టి దాన్ని తిరగేసి కుట్టాలి. పెద్ద ఎత్తున బైపాస్ మొదలైంది ఇక్కడి నుంచే. గుండెకు బైపాస్ వచ్చింది ఇంకా చాలా ఏళ్లకు.

దీని వెనక లిస్బన్ నగరంలో ఒక తండ్రీకొడుకుల పని ఉంది. 1929లో తండ్రి రెనాల్డో దుష్ సాంతుష్ వీపు వైపు నుంచి పొడుగాటి సూదిని నేరుగా పెద్ద ధమనిలోకి దింపి, ఎక్స్‌రేలో కనబడే మందు ఎక్కించి కాలి ధమనులను ఫొటో తీశాడు. పూడిక ఎక్కడుందో బతికున్న మనిషిలో అలా చూడగలిగారు. కొడుకు జువావ్ సిడ్ దుష్ సాంతుష్ 1946లో ధమనిని చీల్చి లోపలి పూడికను గీకి తీసేశాడు. తీసిన చోట రక్తం గడ్డకట్టకుండా ఆపిన హెపారిన్ లేకపోతే ఆ పని జరిగేది కాదు.

గొట్టంతో దారి చేసినవాడు

1964 జనవరి 16న అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లండ్‌లో 82 ఏళ్ల వృద్ధురాలు చార్లెస్ డాటర్ బల్ల మీదికి వచ్చింది. ఎడమ పాదం చల్లబడింది, వేళ్లు కుళ్లాయి. కాలు తీయడమే దారి అన్నారు, ఆమె ససేమిరా ఒప్పుకోలేదు. డాటర్ శస్త్రవైద్యుడు కాదు, ఎక్స్‌రే వైద్యుడు. తొడలో ధమని ఒకచోట సన్నబడి ఉంది. అందులోంచి సన్నని తీగ దూర్చి, దాని మీదుగా ఒక టెఫ్లాన్ గొట్టం, దాని మీదుగా ఇంకాస్త లావు గొట్టం తోసి దారి వెడల్పు చేశాడు. కొద్ది నిమిషాల్లోనే పాదం వెచ్చబడింది. ఆ తర్వాత రెండున్నరేళ్లు బతికి, ఆమె న్యుమోనియాతో పోయేదాకా సొంత కాళ్ల మీదే నడిచింది.

అమెరికా శస్త్రవైద్యులు డాటర్‌ను పిచ్చివాడి కింద జమకట్టారు. ఫొటోలు తీసిపెట్టు చాలు, బాగుచేయకు అని చీటీ రాసి రోగుల్ని పంపినవాళ్లున్నారు. ప్లంబర్ పనిముట్టూ పైపూ కలిపి తన చిహ్నంగా పెట్టుకున్న మనిషికి ఆ హేళన పెద్దగా పట్టలేదు. ఆయన విద్య యూరప్‌కు చేరింది. జూరిక్‌లో ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్ గొట్టం కొసన గట్టి బెలూన్ అమర్చాలని తన వంటింటి బల్ల మీద నమూనాలు తయారుచేస్తూ కూర్చున్నాడు. 1974లో దాన్ని మొదట వాడింది కాలి ధమనిలోనే. 1977లో అదే బెలూన్ గుండె ధమనిలోకి వెళ్లాక ప్రపంచం చప్పట్లు కొట్టింది. నేడు గుండెకు స్టెంట్ వేయించుకున్నవాళ్లలో ఆ పని ముందు కాలిలో నేర్చుకున్నదని తెలిసినవాళ్లు తక్కువ. డాటర్, గ్రుంట్‌జిగ్ ఇద్దరూ 1985లోనే పోయారు.

కొలత, మాత్రలు, నడక

1950లో ట్రావిస్ విన్సర్ చీలమండ దగ్గర రక్తపోటు కొలిచి చేతి రక్తపోటుతో పోల్చాడు. 1960ల చివర్లో డాప్లర్ పరికరంతో ఈ పరీక్ష మామూలైంది. చీలమండ రక్తపోటును చేతి రక్తపోటుతో భాగిస్తే 0.9 కన్నా తక్కువ వస్తే పూడిక ఉన్నట్టు. షుగరు చాలాకాలంగా ఉన్నవాళ్లలో ధమని సున్నంతో గట్టిపడి రక్తపోటు కొలిచే పట్టీకి లొంగదు కాబట్టి సంఖ్య 1.4 దాటి, అంతా బాగున్నట్టు మోసం చేస్తుంది. చెన్నైలో చేసి 2000లో ప్రచురించిన ఒక సర్వేలో మొత్తం మీద 3 శాతం మందికి, షుగరు ఉన్నవాళ్లలో 6 శాతం మందికి కాలి ధమనుల జబ్బు బయటపడింది.

మాత్రల చరిత్ర క్లుప్తం. పెంటాక్సిఫిలిన్ ప్రయోజనం అంతంతమాత్రం. సిలోస్టజాల్ నడిచే దూరాన్ని కొంత పెంచుతుంది కానీ గుండె బలహీనపడ్డవాళ్లకు ఇవ్వకూడదు. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్, రక్తం గడ్డకట్టనివ్వని మాత్ర కాలి కోసం కన్నా ప్రాణం కోసం ఇస్తారు. ఈ రోగుల్లో కాలు పోయేవాళ్ల కన్నా గుండెపోటు, పక్షవాతంతో పోయేవాళ్లే ఎక్కువ.

నడవలేనివాడికి నడకే మందు అనడం వినడానికి వింతే. 1966లో కోపెన్‌హాగన్ వైద్యులు లార్సెన్, లాసెన్ 14 మంది రోగుల్ని రెండు జట్లుగా చేసి, ఒక జట్టు చేత రోజూ వ్యాయామం చేయించారు. నెలల తర్వాత వాళ్లు నడవగలిగే దూరం బాగా పెరిగింది. పద్ధతి సాదాసీదాది: నొప్పి గట్టిగా వచ్చేదాకా నడవాలి, ఆగాలి, తగ్గగానే మళ్లీ నడవాలి. రోజుకు అరగంట నుంచి గంట, వారానికి కనీసం మూడుసార్లు, మూడు నెలలు. పెద్ద ధమని తెరుచుకోదు, పక్కదారి నాళాలు కొంత పెరుగుతాయి, కండరం వచ్చిన రక్తాన్నే పొదుపుగా వాడుకోవడం నేర్చుకుంటుంది. 2012లో వెలువడిన అమెరికా పరిశోధన క్లెవర్‌లో ఆరు నెలల తర్వాత ఎక్కువసేపు నడవగలిగింది స్టెంట్ వేసినవాళ్లు కాదు, పర్యవేక్షణలో నడిచినవాళ్లు. అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ ఈ నడక వైద్యానికి డబ్బు చెల్లించడం మొదలుపెట్టింది 2017లో, అంటే కోపెన్‌హాగన్ ప్రయోగానికి 51 ఏళ్ల తర్వాత. అమ్మడానికి ఏమీ లేని వైద్యానికి ఈ ఆలస్యం మామూలే. పుండు పడిన కాలికీ, పడుకున్నా నొచ్చే కాలికీ మాత్రం ఈ నడక వైద్యం సరిపోదు. వాళ్లకు రక్తం దారి తెరవాల్సిందే. ఉన్నట్టుండి కాలు పాలిపోయి, చల్లబడి, మొద్దుబారితే గంటల్లో ఆస్పత్రికి చేర్చాలి. అలాంటి గడ్డను చిన్న కోతతో లాగేసే బెలూన్ గొట్టాన్ని థామస్ ఫోగార్టీ 1960ల మొదట్లో కనిపెట్టాడు.

పూడిన ధమని తెరవడానికి కత్తి మేలా, బెలూన్ మేలా అన్న వాదం నేటికీ తెగలేదు. 2022లో వచ్చిన బెస్ట్ సీఎల్ఐ పరిశోధన ఫలితాల్లో మంచి సఫేనస్ సిర ఉన్నవాళ్లకు బైపాస్ మెరుగని తేలింది. మోకాలి దిగువ ధమనుల మీద చేసిన బ్రిటన్ పరిశోధన బాసిల్ 2 మరుసటి ఏడాదే దానికి ఎదురు చెప్పింది. మందుల వైపు చూస్తే, 2025లో షుగరు, నడకనొప్పి రెండూ ఉన్న 792 మంది మీద జరిగిన స్ట్రైడ్ పరిశోధనలో షుగరు మందు సెమాగ్లూటైడ్ సూది తీసుకున్నవాళ్లు నడిచే దూరం ఏడాదిలో డమ్మీ సూది వాళ్లకన్నా 13 శాతం ఎక్కువగా పెరిగింది.