పాలకు ఇద్దరు కావలివాండ్లు

ఈ సంచికకు ఏదైనా వ్రాసి ఇమ్మని సంఘం పెద్దలు కోరినప్పుడు, రైల్వేలో గుమాస్తా పని చేసుకొనేవాడిని, మెట్రిక్ వరకే చదివినవాడిని, నేనేమి వ్రాయగలనని మొదట సందేహించినాను. కవిత్వం నాకు రాదు. సాంచెల చరిత్ర మన పద్మనగర్ పెద్దలకు నాకన్న బాగా తెలుసు. అందుచేత మన ఇండ్లలో ప్రతి ఉదయం జరిగే ఒక చిన్న పని వెనుక ఉన్న చరిత్రను చెప్పదలచినాను. పాలు తెచ్చి పొయ్యి మీద పెట్టడమే ఆ పని.

దీనికి ఒక కారణమున్నది. రెండేండ్ల క్రితం ఎండాకాలంలో ఒకనాడు నేను రాత్రి డ్యూటీ దిగి ఇంటికి వస్తూ అర లీటరు పాల పాకెట్ తెచ్చినాను. దానిని కత్తిరించి, కొన్ని పాలు టీకి వాడుకొని, మిగిలినవి కాచకుండానే గిన్నెలో పోసి మూత పెట్టినాను. ఇంట్లో ఫ్రిజ్ ఉన్నది గాని ఆనాడు కరెంటు లేదు. పాకెట్ పాలే కదా, ముందే వేడిచేసినవి కదా అనుకొని పడుకొన్నాను. మధ్యాహ్నం మా ఇంటావిడ ఆ పాలను బాగా పొంగనిచ్చి, చల్లార్చి, మా నాలుగేండ్ల పాపకు తాపినది. పాలు విరగలేదు, వాసనా రాలేదు. మూడు గంటలు తిరగకముందే పాప వాంతులతో వాడిపోయినది. రెండు రాత్రులు ఆసుపత్రిలో గడిపినాము.

“బాగా కాచినాము కదా డాక్టరుగారూ” అని మా ఇంటావిడ ఏడుస్తూ అడిగినది. “కాచినారమ్మా, గాని ఆలస్యంగా కాచినారు. కాచితే క్రిములు చస్తాయి. చచ్చేలోగా అవి పాలలో కక్కిన విషం కొన్నిసార్లు కాచినా పోదు. బహుశా అదే జరిగి ఉంటుంది” అని ఆయన చెప్పినారు. పాప కోలుకొన్నది. ఆ మాట మాత్రం నా మనస్సులో నిలిచిపోయినది. అప్పటి నుండి దొరికిన పుస్తకాలు చదివి తెలుసుకొన్న సంగతులను ఇక్కడ విన్నవించుకొంటున్నాను.

మన పెద్దలకు ఈ విషయం తెలియదా అంటే, సగం బాగా తెలుసు. కొత్త ఇంట్లో అడుగుపెడితే ముందు పాలు పొంగిస్తాము. ఊళ్లో మా నాయనమ్మ తెల్లవారుజామున పిండిన బర్రెపాలను మట్టికుండలో పోసి పిడకల నిప్పు మీద పెట్టేది. పొద్దంతా సన్నని సెగ మీద కాగి ఆ పాలు ఎర్రబడేవి, మీద మందపాటి మీగడ కట్టేది. చీకటిపడ్డాక తోడు వేసి ఉట్టి మీద పెట్టేది. చలువ యంత్రం లేని ఆ రోజుల్లో పాలను పాలుగా నిలవచేయడం ఎవరి తరమూ కాలేదు. అందుకే పాలను మార్చి నిలవచేసినారు. పెరుగులోని పులుపు చెడ్డక్రిములను చాలావరకు పెరగనీయదు. వెన్నను కాచి నెయ్యి చేస్తే నీటితడి పోయి నెలల తరబడి ఉంటుంది. పిండిన ఇంట్లోనే కాచి, ఆ రోజే తోడుపెట్టే ఊళ్లో ఈ పద్ధతి చక్కగా సాగినది. పిండే చోటు ఒకటి, త్రాగే చోటు మరొకటి అయినప్పుడే చిక్కు వచ్చినది.

ఆ చిక్కు మొదట పెద్ద పట్టణాలకు వచ్చినది. 1860ల్లో ఫ్రాన్సు శాస్త్రజ్ఞుడు లూయీ పాశ్చర్, ద్రాక్షసారా చెడిపోవడానికి సూక్ష్మజీవులే కారణమని కనిపెట్టి, దానిని మరగనీయకుండా కొంతమేరకే వేడిచేస్తే చెడదని నిరూపించినాడు. ఆయన పరిశోధన సారా మీద, బీరు మీద. ఆ ఉపాయాన్ని పసిపిల్లల పాలకు వాడవచ్చునని 1886లో జర్మనీ రసాయనజ్ఞుడు సాక్స్‌లెట్ సూచించినాడు. న్యూయార్కులో నాథన్ స్ట్రాస్ అనే వర్తకుడు 1893 నుండి బీదపిల్లల కోసం పాశ్చరైజు చేసిన పాల కేంద్రాలు తెరిచినాడు. 1908లో చికాగో నగరం ఈ పద్ధతిని చట్టంలో చేర్చినది.

పచ్చిపాలు ఏమి చేయగలవో చెప్పడానికి మాల్టా ద్వీపం కథ ఒకటి చాలు. అక్కడి బ్రిటిష్ సైనికులు నెలల తరబడి విడవని జ్వరంతో బాధపడేవారు. 1887లో డేవిడ్ బ్రూస్ అనే సైనిక వైద్యుడు దాని క్రిమిని కనిపెట్టినాడు. అది ఎక్కడి నుండి వస్తున్నదో మరి పద్దెనిమిదేండ్ల వరకు తెలియలేదు. 1905లో మాల్టా వైద్యుడు జామిట్, చూడడానికి ఏ జబ్బూ లేని మేకలలో ఆ క్రిమిని పట్టుకొన్నాడు. సైనికులకు మేకపాలు ఆపివేయగానే జ్వరం తగ్గుముఖం పట్టినది. పశువు ఆరోగ్యంగా కనిపించినంత మాత్రాన పాలు నిర్దోషమని చెప్పలేమని లోకానికి తెలిసినది. ఆ జబ్బునే నేడు బ్రూసెల్లోసిస్ అంటారు, మన దేశపు పశువులలోను ఉన్నది. పశువుల క్షయ, టైఫాయిడ్ వంటివి కూడా పచ్చిపాల ద్వారా రాగలవు.

పాశ్చరైజేషన్ అంటే పాలను 63 డిగ్రీల సెంటీగ్రేడ్ దగ్గర 30 నిమిషాలు గాని, 72 డిగ్రీల దగ్గర 15 సెకండ్లు గాని ఉంచి, వెంటనే 4 డిగ్రీలకు చల్లార్చడం. మొదటి సగం అందరికీ గుర్తుంటుంది. రెండవ సగాన్నే మరచిపోతాము. ఈ వేడికి జబ్బు తెచ్చే క్రిములు చస్తాయి గాని, పాలను చెడగొట్టే క్రిములు కొన్ని మిగులుతాయి, కొన్నిటి బీజాలు మరిగించినా చావవు. మిగిలినవాటిని చలువ నిద్రపుచ్చుతుంది, చంపదు. పాకెట్‌ను భివండీ ఎండలో పెడితే ఆ నిద్ర తీరిపోతుంది. పాకెట్ విప్పినాక మన చేతినుండి, గిన్నెనుండి కొత్తవి చేరుతాయి. అనువైన వెచ్చదనంలో క్రిమి అరగంటకొకసారి రెట్టింపవుతుందనుకొందాము. ఆరు గంటలలో ఒకటి 4096 అవుతుంది. మా గిన్నెలో ఆనాడు జరిగినది ఇదే లెక్క అయి ఉంటుంది. పాలకు ఇద్దరు కావలివాండ్లు అని నేననేది ఇందుకే. వేడి దొంగను చంపుతుంది, చలువ కొత్తదొంగలను పెరగనీయదు. ఒకరి పని ఇంకొకరు చేయలేరు.

ఈ ఇద్దరు కావలివాండ్లనూ మన ప్రాంతానికి తెచ్చిన చరిత్రలో రైలుకు పెద్ద భాగమున్నది. ఆ రోజుల్లో బొంబాయి పాలలో పెద్దభాగం నగరం నడుమనున్న తబేలాలలోని బర్రెల నుండి వచ్చేది. 1945లో ప్రభుత్వం బొంబాయి పాల పథకం పెట్టి, నాలుగు వందల కిలోమీటర్లకు పైగా దూరమున్న గుజరాత్‌లోని ఆనంద్ నుండి పాశ్చరైజు చేసిన పాలను రైలులో తెప్పించసాగినది. ఆనంద్‌లో పాలు సేకరించే హక్కు పోల్సన్ అనే ఒకే కంపెనీది. ధర విషయంలో రైతుకు నోరులేదు. 1946 జనవరి 4న సమర్ఖా గ్రామంలో మొరార్జీ దేశాయి అధ్యక్షతన రైతులు సమావేశమై పాలు పోయడం మానివేసినారు. పదిహేను దినాలు ఆ సమ్మె నడిచినది. ఆ సంవత్సరం డిసెంబరు 14న త్రిభువన్‌దాస్ పటేల్ నాయకత్వాన ఖేడా జిల్లా పాల ఉత్పత్తిదారుల సహకార సంఘం రిజిస్టరు అయినది. 1948 జూనులో రెండు గ్రామాల నుండి రోజుకు సుమారు 250 లీటర్ల పాలను పాశ్చరైజు చేసి బొంబాయికి పంపడం మొదలుపెట్టినారు. అదే నేటి అమూల్.

ఇటు బొంబాయిలో పాల కమీషనర్ దారా ఖురోడీ 1949లో గోరేగావ్ వద్ద ఆరే పాల కాలనీకి పునాది వేయించి, నగరంలోని బర్రెలను అక్కడికి తరలింపజేసినారు. అక్కడి పాల కర్మాగారాన్ని 1951లో ప్రధాని నెహ్రూ ప్రారంభించినారు. చిక్కని బర్రెపాలలో వెన్నతీసిన పాలపొడి, నీరు కలిపి, ఎక్కువమందికి తక్కువ ధరకు అందేటట్లు ‘టోన్డ్’ పాలు చేయించినవారు ఖురోడీగారే. ఆనంద్‌లో దలాయా అనే ఇంజనీరు బర్రెపాలను పొడిగా మార్చే పని సాధించినాడు. చలికాలంలో మిగిలిన పాలు ఎండాకాలానికి నిలిచే మార్గం 1955లో అట్లా ఏర్పడినది. ఖురోడీ, త్రిభువన్‌దాస్, కురియన్ ముగ్గురికీ కలిపి 1963లో మెగసెసే బహుమానం వచ్చినది. 1970 నుండి 1996 వరకు నడిచిన ‘ఆపరేషన్ ఫ్లడ్’ అనే పాలవెల్లువ పథకంలో, వేడి చొరరాని గోడలున్న రైలు ట్యాంకర్లు ఒక రాష్ట్రపు పాలను మరొక రాష్ట్రపు నగరానికి మోసినవి.

మన తెలుగుదేశం కూడా వెనుకబడలేదు. 1974లో పాడి పరిశ్రమాభివృద్ధి కార్పొరేషన్ ఏర్పడినాక ‘విజయ’ పాలు ఊరూరా తెలిసినవి. మనలో అనేకుల పుట్టినిల్లయిన కరీంనగర్ ప్రాంతంలో, ముల్కనూరు ఆడపడుచులు 2002లో మహిళలే సభ్యులుగా సహకార డెయిరీ పెట్టుకొని ‘స్వకృషి’ పేరుతో పాలు అమ్ముతున్నారు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి బండ్లన్నీ ఆగిపోయినప్పుడు, ఆ నెల 26న రేణిగుంట నుండి ఢిల్లీకి పాల ట్యాంకర్లతో ప్రత్యేక రైలు బయలుదేరినది. ఒక్కొక్క ట్యాంకరులో 40 వేల లీటర్లు, ప్రయాణం 2,300 కిలోమీటర్లు. దానికి ‘దూద్ దురంతో’ అని పేరు పెట్టినారు. రైల్వే నౌకరుగా నాకది గర్వకారణం.

ఇంత దూరం భద్రంగా వచ్చిన పాలు ఎక్కడ పాడవుతున్నవి? మన గుమ్మం దగ్గర. పార్సెల్ ఆఫీసులో మేము ఒక మాట అనుకొంటాము: వెయ్యి మైళ్లు పగలని సరుకు ప్లాట్‌ఫారం మీద పగులుతుందని. పాల సంగతీ అంతే.

మనవాళ్లలో రెండు అపోహలున్నవి. కొందరు, సాంచెల దుమ్ములో పనిచేసేవారికి పచ్చిపాలు బలమని, తబేలా నుండి తెచ్చి నురగతోనే త్రాగుతారు. వేడికి కొన్ని విటమిన్లు కొంత తగ్గే మాట నిజమే. మాంసకృత్తులు, సున్నపు సత్తువ ఎక్కడికీ పోవు. పోయేవి ముఖ్యంగా జబ్బులే. మరికొందరు నావలెనే పాకెట్ పాలకు ఏ దోషమూ రాదని నమ్మి బయట ఉంచుతారు. విడిపాలకు వేడి అనే కావలి లేదు. బయట పెట్టిన పాకెట్‌కు చలువ అనే కావలి లేదు. రెండు ఇండ్లలోనూ తలుపు తెరిచే ఉన్నది.

ఫ్రిజ్ లేని ఖోలీలలో, కరెంటు నిలకడలేని వాడలలో ఏమి చేయవలెనని మీరడగవచ్చును. నేను ఇంట్లో పాటిస్తున్నది చెబుతాను. ఆ పూటకు కావలసిన పాలే కొంటాము. ఎండలో పెట్టి అమ్మే దుకాణంలో కొనము, పాకెట్ మీది తేదీ చూస్తాము. విడిపాలైతే ఇంటికి రాగానే పూర్తిగా పొంగనిచ్చి, కలియబెట్టి మళ్ళీ మరగనిస్తాము. పాకెట్ పాలు చలువలో ఉంచగలిగితే సరి, లేకుంటే విప్పిన వెంటనే కాచుతాము. కాచిన గిన్నెను నీళ్ల పళ్లెంలో పెట్టి త్వరగా చల్లార్చి, మూతపెట్టి, కొద్ది గంటలలో వాడుకొంటాము. పాత పాలలో కొత్త పాలు కలపము. మిగిలే సూచన ఉంటే గోరువెచ్చగా ఉన్నప్పుడే తోడు వేస్తాము. గంటల తరబడి వేడిలో నిలిచినవి, విరగకున్నా సరే, మళ్ళీ కాచి పిల్లలకు పట్టము. ఇంకా అధిక వేడిమీద శుద్ధిచేసి డబ్బాలో మూసిన పాలు కూడా దొరుకుతున్నవి. డబ్బా విప్పనంతవరకు అవి బయట నెలల తరబడి ఉంటవి, విప్పినాక వాటికీ ఇదే నియమం.

పన్నెండు గంటలు సాంచె మీద నిలబడి సంపాదించిన డబ్బుతో కొన్న పాలు పారబోయాలంటే ప్రాణం ఒప్పదు, నాకు తెలుసు. అర లీటరు పాల ధర నేనూ లెక్కవేసినాను. ఆసుపత్రి వరండాలో ఆ రెండు రాత్రులు కూర్చున్నాక ఆ లెక్క మళ్ళీ వేయలేదు.

ఈ ఉగాది నాడు మనం షడ్రుచుల పచ్చడి తిని, సాయంకాలం పంచాంగం వింటాము. ఆదాయవ్యయాలు, రాజపూజ్య అవమానాలు పంతులుగారు చెబుతారు. మన పిల్లల ఆరోగ్యం మాత్రం చాలావరకు మన గిన్నె దగ్గరే ఉన్నది. పాలు పొంగించే ఆచారం మన పెద్దలు ఇచ్చినారు. దానికి చల్లార్చి కాపాడే అలవాటును మనం జోడించుకొందాము. అందరి ఇండ్లలోనూ పాలు పొంగాలని, పిల్లలు చల్లగా ఉండాలని కోరుకొంటూ సెలవు.