ట్రైన్ సిమ్యులేటర్‌లో ఏ రూట్ కట్టాలి? జవాబు కేకే లైన్‌లో ఉంది

ట్రైన్ సిమ్యులేటర్‌లో సొంత రూట్ కట్టాలనుకునేవాళ్లు ముందు అందమైన లైన్ కోసం వెతుకుతారు. కొండలు, సొరంగాలు ఉంటే చాలనుకుంటారు. నెలల తరబడి కష్టపడి కడతారు, రెండుసార్లు నడిపాక బోర్ కొట్టేస్తుంది. నన్నడిగితే ముందు తేల్చుకోవాల్సింది వేరే. ఈ లైన్ ఎందుకు వేశారు? లోడు ఎటు పోతుంది?

మన కొత్తవలస–కిరండూల్ లైన్‌నే తీసుకుందాం. కేకే లైన్ అనగానే అరకు, బొర్రా గుహలు, 2017లో వచ్చిన అద్దాల బోగీ గుర్తొస్తాయి కదా. కానీ ఇది టూరిస్టుల కోసం వేసిన లైన్ కాదు.

యుద్ధం తర్వాత జపాన్‌లో ఉక్కు ఫ్యాక్టరీలు జోరుగా పెరుగుతున్నాయి, వాటికి సరిపడా ఇనుప ఖనిజం అక్కడ లేదు. బస్తర్‌లోని బైలదిల్లా కొండల్లో మేలురకం ఖనిజం ఉంది, బయటికి తెచ్చే రైలు లేదు. ఏటా 40 లక్షల టన్నులు పంపేలా 1960లో ఒప్పందం కుదిరింది. ఆ ఖనిజం విశాఖ రేవుకి రావాలంటే తూర్పు కనుమలు దాటాలి. అలా ఆ దశాబ్దంలోనే సుమారు 445 కిలోమీటర్ల లైన్ వేసేశారు. 58 సొరంగాలు తవ్వింది జపాన్ వెళ్లే ఆ ఖనిజం కోసమే.

ఇప్పుడు ఘాట్ చూడండి. శివలింగపురం, టైడా, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస, ఆపైన శిమిలిగూడ. ఎత్తు 996 మీటర్లు. చాలా ఏళ్లు దేశంలోకెల్లా ఎత్తైన బ్రాడ్‌గేజ్ స్టేషన్ ఇదే. వాలు 60కి 1, అంటే 60 మీటర్లు వెళ్తే ఒక మీటరు ఎక్కుతాం. బైక్ మీద అయితే అసలు తెలీదు. పట్టాల మీద ఉక్కు చక్రానికి అది చాలా ఎక్కువ.

అసలు మజా ఇక్కడే ఉంది. పైకెక్కేవి ఖాళీ వ్యాగన్లు, కిందికి దిగేది వేల టన్నుల ఖనిజం. అంటే ఈ రూట్‌లో ఆట ఇంజిన్ లాగడంలో కన్నా ఆపడంలో ఉంది. గాలి బ్రేకు మాటిమాటికీ వేస్తే సిలిండర్లకి గాలి చాలదు. అందుకే దిగేటప్పుడు ఇంజిన్ మోటార్లనే జనరేటర్లుగా మార్చి వేగం పట్టి ఉంచుతారు. కొత్త ఇంజిన్లయితే ఆ కరెంటును తిరిగి పై తీగకే ఇస్తాయి. లోడు ఎటు పోతుందో తెలీకుండా కడితే ఇదంతా మిస్సయినట్టే.

తర్వాత ఏ ఏడాదో ఫిక్స్ అవ్వండి. 1970ల్లో అయితే డీజిల్ ఇంజిన్లు, తీగలు ఉండవు. 1980ల నుంచి కరెంటు. రెండూ కలిపేస్తే రూట్ అబద్ధమైపోతుంది.

ఇంకో మాట. ఇప్పుడు ఈ లైన్ డబ్లింగ్ పనులు నడుస్తున్నాయి. ఒకటే లైన్ కాబట్టి చిన్న స్టేషన్‌లో ఖాళీ రేక్ లూప్‌లో ఆగి, దిగే లోడుకి దారిచ్చేది. దశాబ్దాలుగా ఈ కొండల్లో రైళ్లు నడిచిన పద్ధతి అదే. రెండో లైన్ మొత్తం పడ్డాక ఆ ఎదురుచూపు ఉండదు. ఆ స్టేషన్ల ఫొటోలు, యార్డుల్లో లైన్లు ఎలా ఉన్నాయో ఇప్పుడే సేకరించి కడితే, మీ రూట్ గేమ్‌గానే కాదు, రికార్డుగా కూడా మిగులుతుంది.

మీ ఊరి పక్క నుంచి పోయే లైన్ దేనికోసం వేశారో ఇంట్లో పెద్దవాళ్లని అడిగి కామెంట్‌లో చెప్పండి.