రెండో చుట్టు

అల్లూరు వరి మళ్లు దాటి తూర్పుకు వస్తే బకింగ్‌హాం కాలువ, దాని అవతల ఇసకపల్లి. పొద్దు బారెడెక్కింది. వేట ముగించుకొచ్చిన ఫైబర్ పడవలు ఇసుక మీదికి లాగి ఉన్నాయి. ఒక పడవ నీడలో తాతా మనవడూ వల బాగుచేస్తున్నారు. మీరూ పక్కన కూర్చోండి.

తాత చిరిగిన చోటును కాలి బొటనవేలికి తగిలించి బిగలాగాడు. సూది కన్నులోంచి పైకొచ్చింది, దారం తిరిగింది, ముడి పడింది. ఇప్పుడు మనవడి వంతు. వాడేసిన ముడిని తాత గోటితో నెట్టాడు. జారింది.

"రెండు చుట్లెయ్ బ్బీ. ఒక్క చుట్టుకు నైలాన్ నిలవదు."

ఆ రెండో చుట్టును దగ్గరగా చూడండి. నూలు వలల కాలంలో ఒకటి చాలేది. దారం గరుకు, ముడిని అదే పట్టుకునేది. 1935లో అమెరికాలో వాలెస్ కరోథర్స్ ప్రయోగశాలలో నైలాన్ పుట్టింది. ఆ నున్నటి దారం రేవులకు చేరాక పాత ముడి పోలేదు, దానికి ఇంకో చుట్టు తోడైంది.

వల పైఅంచున బెండ్లు, కింది అంచున సీసం గుండ్లు. 1913లో అప్పటి ఫిన్లండ్‌లోని అంత్రేయ దగ్గర సుమారు 10,000 ఏళ్లనాటి వల బయటపడింది. విల్లో నారతో అల్లిన దానికీ పైన బెరడు బెండ్లు, కింద రాళ్లు! ఎంత తెలివైనవాడైనా ఒంటరిగా, ఏమీ తెలియకుండా మొదలుపెడితే జన్మంతా కష్టపడినా ఈ వల అల్లలేడు. ఐవరీ కోస్ట్ తాయ్ అడవిలో చింపాంజీలు కాయలు పగలగొట్టిన 4,300 ఏళ్లనాటి రాళ్లు దొరికాయి. ఇవాళా అక్కడి చింపాంజీలది రాయి పెట్టి కొట్టే ఆ పద్ధతే. మనిషి మాత్రం తాత ఆపిన చోట అందుకుంటాడు.

అందుకునేటప్పుడు కొన్ని జారిపోతాయి కూడా. నూలు వలను బెరడు కషాయంలో నానబెట్టడం, వేట నుంచి రాగానే ఆరబెట్టడం ఒక విద్య. నైలాన్ కుళ్లదు కాబట్టి ఆ విద్యతో పనిలేకపోయింది. కుళ్లదు కాబట్టే, సముద్రంలో తెగిపోయిన ముక్క చేపల్నీ, ఈ తీరానికి గుడ్లు పెట్టడానికొచ్చే ఆలివ్ రిడ్లీ తాబేళ్లనీ చంపుతూనే ఉంటుంది. ఈ దారానికి తగిన జాగ్రత్త ఇంకా మన చేతులకు పూర్తిగా అలవడలేదు. అలవడి తీరాలి.

మనవడి ఫోన్ మోగింది. సముద్రపు వేడినీ, నాచు రంగునీ ఉపగ్రహాలతో చూసి, చేపలుండే చోటు చెప్పే హైదరాబాద్ ఇన్‌కాయిస్ సంస్థ సందేశం అది.

"లోతు ముప్పయ్యారు మీటర్లంట తాతా."

"అంటే ఇరవై బారలు," అంటూ తాత తాడు అందుకున్నాడు. రెండు చేతులూ బార్లా చాపి కొలవసాగాడు. మనవడు పక్కన నిలబడి లెక్కపెడుతున్నాడు.