ఆరోగ్యబోధకుని ధైర్యము

గణితోపాధ్యాయుడు తరగతిలో తడబడినచో వానికి లెక్కలు రావందుము. ఆరోగ్యము బోధించువాడు తడబడినచో కారణ మంత సులభముగ తేలదు. దేహధర్మముల నన్నిటిని చదివినవాడే ఋతుధర్మమును గూర్చియో, మద్యపానమును గూర్చియో చెప్పవలసి వచ్చినప్పుడు పుటలు త్రిప్పివేయుచుండును. ఈ జంకునకు మూల మేమి?

అమెరికాలోని మాసచూసెట్సు రాష్ట్రపు విద్యామండలి కార్యదర్శి హోరేసు మాన్ 1842వ సంవత్సరపు నివేదికలో, పాఠశాలలందు శరీరశాస్త్రము నేర్పుట ఆవశ్యకమని వాదించెను. 1850లో నచ్చట నొక శాసనము వెలువడెను. ఉపాధ్యాయులకు ఆరోగ్యసూత్రములందలి జ్ఞానమునే గాక, వానిని బోధింపగల సామర్థ్యమును గూడ పరీక్షింపవలెనని యది విధించెను. తెలియుట వేరు, తెలుపుట వేరని శాసనకర్తలు గ్రహించిరి. కాని తెలుపు శక్తి యెట్లలవడునో శాసనము చెప్పజాలదు.

ఆ ప్రశ్నకు 1977లో ఆల్బర్టు బాండూరా యను మనశ్శాస్త్రవేత్త వ్రాతలలో సమాధానము దొరకును. తన శక్తియందు మనుజునకు గల నమ్మకము నాలుగు త్రోవల వచ్చునని యాతడు చెప్పెను. తాను చేసి కృతార్థుడగుట మొదటిది, అన్నిటికంటె బలమైనది. తనవంటివారు చేయగా చూచుట రెండవది. ఇతరుల ప్రోత్సాహము మూడవది. గుండెదడ, భయము తగ్గియుండుట నాలుగవది. దీనిని బట్టి, ఒకనాటి యుపన్యాసము విని పుస్తకము చేతబట్టి వచ్చిన యుపాధ్యాయునకు ధైర్య మేల చాలదో విశదమగును. తోటివారి యెదుట పాఠము చెప్పి చూచుకొనుట, అనుభవశాలి తరగతిలో కూర్చుండి వినుట వానికి కావలెను. సబ్బును నీరును లేని పాఠశాలలో చేతులు కడుగుకొనుడని చెప్పువాని మాట వాని చెవికే పొల్లుగ వినబడును.

మన దేశమున 1909లో బరోడానగరమందు విద్యార్థుల వైద్యపరీక్షలతో పాఠశాలారోగ్యకార్య మారంభమయ్యెను. అది వైద్యుని పని. బోధనాభారము గురువుపై బడినప్పుడు చిక్కు బయటపడెను. 2005లో భారతప్రభుత్వము కౌమారవిద్యా కార్యక్రమమును ప్రారంభింపగా, 2007లో మహారాష్ట్రము, కర్ణాటకము, మధ్యప్రదేశము మున్నగు రాష్ట్రములలో అసభ్యమను ఆక్షేపణలు చెలరేగి, అది నిలిచిపోయెను. నిన్న నేర్పుమన్న పాఠమే నేడు తప్పైనచో ఏ గురువు నోరు విప్పును? 2020లో ఆయుష్మాన్ భారత్ క్రింద, పాఠశాలకు ఇద్దరుపాధ్యాయులను, సాధ్యమైనంతవరకు ఒక పురుషుని ఒక స్త్రీని, ఆరోగ్యబోధకు నియమించు ఏర్పాటు వచ్చెను. ఒంటరిగ నిలుచుటకంటె జంటగ నిలుచుట మేలు. బాలికలు మగవానిని అడుగలేని ప్రశ్న స్త్రీని అడుగగలరు.

అయినను గురువు ధైర్యమునకు కావలసిన పాలు కొంత మన యిండ్లయందున్నది. బాలిక యింటికి వచ్చి నేటి పాఠము చెప్పగా తల్లిదండ్రులు ముఖము చిట్లించినచో, మఱునాడు తరగతిలో గురువు గొంతు సన్నగిల్లును. వారు శ్రద్ధతో విని, మఱి రెండు ప్రశ్నలడిగి పంపినచో ఆ గొంతునకే బలము చేకూరును. బడిలో చెప్పని మాటను పిల్లలు వీథిలో విందురు. వీథి చెప్పు పాఠమునకు పరీక్షాధికారి లేడు. కావున చదువరులు తమ యూరి గురువును ఒకసారి కలిసి, ఈ పాఠములు చెప్పుమని తమ నోటితో చెప్పుదురు గాక.