పక్క మార్చిన చేతులు: తెలుగు నేల మీద నర్సింగ్ చరిత్రలో మాల మాదిగ స్త్రీలు

నర్సింగ్ చరిత్ర రాయమంటే ఎవరైనా క్రిమియా యుద్ధం దగ్గరే మొదలుపెడతారు. 1854లో ఫ్లారెన్స్ నైటింగేల్ దీపం పట్టుకుని సైనికుల మంచాల మధ్య తిరిగింది, 1860లో లండన్ సెయింట్ థామస్ ఆస్పత్రిలో నర్సుల బడి పెట్టింది, ఆ విద్య అక్కడ్నించి ఓడెక్కి మన దేశం వచ్చింది. పాఠ్యపుస్తకాల్లో ఉన్నది ఇంతే. ఈ కథ అబద్ధమని మేము అనడం లేదు. అయితే అదే యుద్ధానికి సొంత ఖర్చుతో వెళ్లి రోగుల్ని చూసుకున్న జమైకా స్త్రీ మేరీ సీకోల్‌కు, ఆ సెయింట్ థామస్ ఆస్పత్రి ఆవరణలోనే విగ్రహం లేవడానికి 2016 దాకా పట్టింది. ఆమె నల్లజాతి స్త్రీ కాకపోయి ఉంటే అంత కాలం పట్టేదా?

మేము అడగదల్చుకున్నది మన ఊళ్ల సంగతి. ఓడ దిగిన ఆ విద్యను గుంటూరులో, ఒంగోలులో, మెదక్‌లో మొదట ఎవరి చేతులు అందుకున్నాయి? ఎందుకు ఆ చేతులే అందుకున్నాయి?

జవాబు మన ఇళ్లలో అందరికీ తెలిసిందే, రాతలోకే రాలేదు. నర్సు పనంటే నెత్తురు, చీము, వాంతి, మలమూత్రాలు, పురిటి మైల, చివరికి శవం. కులం ఏది ముట్టుకోవద్దని చెప్పిందో అదంతా ముట్టుకోవడమే ఆ ఉద్యోగం. పైగా పరాయి మగవాడి ఒంటిని తాకాలి, రాత్రిపూట బయట ఉండాలి. ద్విజుల ఇళ్ల నుంచి ఆడపిల్లలు రారు, రాలేదు. ఊళ్లో కాన్పులు చేసిన మంత్రసానులు కూడా ఎక్కువగా కింది కులాల స్త్రీలే. బిడ్డ భూమ్మీద పడేదాకా ఆమె చెయ్యి కావాలి, పడ్డాక ఆ ఇంట్లో ఆమె తాకినదంతా కడిగి శుద్ధి చెయ్యాలి! ఆస్పత్రి వచ్చి ఈ ఏర్పాటును రద్దు చెయ్యలేదు, దానికి తెల్లబట్టలు తొడిగింది.

మరోవైపు ధాత కరువు కాలం నుంచి వాడల్లో పెద్ద కదలిక ఉంది. ఆ కరువులో బకింగ్‌హాం కాలవ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి పెట్టిన బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ పేరు ఒంగోలు ప్రాంతంలో ఇప్పటికీ వినపడుతుంది. 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు, అత్యధికులు మాదిగలు. అది క్లౌ ఘనతగా రాశారు గాని అంతకు పన్నెండేళ్ల ముందే ఎర్రగుంట్ల పేరయ్యలాంటి మాదిగ పెద్దలు దారి వేసి ఉన్నారు. గుంటూరు వైపు లూథరన్ మిషన్‌లో చేరినవాళ్లు ఎక్కువమంది మాలలు. ఈ చేరికల వెంట బడి వచ్చింది, బోర్డింగ్ వచ్చింది, ఆడపిల్లల చేతికి పలక వచ్చింది. 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ 1898లో అక్కడ ఆడవాళ్ల ఆస్పత్రి తెరిచేనాటికి, థర్మామీటరు చదవగల, అంకె రాయగల ఆడపిల్లలు మాలపల్లెల్లో తయారై ఉన్నారు. మిషన్ వాళ్లు అగ్రవర్ణ స్త్రీల దగ్గరకు చేరాలని ఎంతో ఆశపడ్డారు. ఆ స్త్రీలు వచ్చారు, అయితే రోగులుగా వచ్చారు. వాళ్ల మంచం పక్కన నిలబడ్డది వాడ పిల్ల.

ఇక్కడ ఒక సంగతి తేల్చుకోవాలి. ఈ స్త్రీలు చేసింది 'సేవ' అని అందరూ మెచ్చుకుంటారు. మిషన్ వాళ్లూ అదే మాట అన్నారు, ఆ తర్వాత ప్రభుత్వమూ అదే అంది. సేవ అన్నాక జీతం తక్కువైనా అడగకూడదు, అందులో తెలివి ఉందని ఒప్పుకోనక్కర్లేదు. మేము ఆ మాట ఒప్పుకోం. అది విజ్ఞానం. ఎట్లాంటి విజ్ఞానమో చెప్పడానికి టైఫాయిడ్ ఒక్కటి చాలు.

1948లో క్లోరాంఫెనికాల్ వాడకంలోకి వచ్చేదాకా టైఫాయిడ్‌కు మందు లేదు. డాక్టరు వచ్చి రోగం పేరు చెప్పి వెళ్లేవాడు, మిగతా మూడు వారాలూ రోగి నర్సు చేతిలోనే. జ్వరం నూటమూడు, నూటనాలుగు దాటితే తడిగుడ్డతో ఒళ్లు తుడవాలి, అదీ చలి పుట్టనియ్యకుండా. నోరు పిడచగట్టి నాలుక పగిలిపోతుంది కాబట్టి పూటపూటా నోరు శుభ్రం చెయ్యాలి. మనిషిని లేవనివ్వకూడదు, మంచంలోనే పాన్ పెట్టాలి, ఆ మలాన్ని మందునీళ్లతో చంపి పారబొయ్యాలి, లేకపోతే పక్క మంచానికి అంటుకుంటుంది. రెండు గంటలకొకసారి పక్క మార్చకపోతే నడుం కింద పుండు పడుతుంది, అది ఎముకదాకా పోతుంది. చుట్టాలు దొంగచాటుగా అన్నం పెట్టకుండా కాపలా కాయాలి. పేగుల్లో పుండ్లున్న మనిషికి ఆ పిడికెడు అన్నం ప్రాణం మీదకు తెస్తుంది.

అన్నిటికన్నా కష్టమైన గడియ మూడో వారంలో వస్తుంది. ఉన్నట్టుండి జ్వరం దిగిపోతుంది. చుట్టాలు గండం గడిచిందని కొబ్బరికాయ మొక్కుకుంటారు. నర్సు మాత్రం నాడి పట్టుకుని చూస్తుంది. జ్వరం దిగుతూ నాడి పరిగెత్తుతోందంటే, ఒళ్లు చెమటతో చల్లబడుతోందంటే, లోపల పేగులో నెత్తురు పోతోందన్నమాట. చార్టు మీద కిందికి దిగే గీత, పైకి ఎక్కే గీత ఒకదాన్నొకటి దాటుతాయి. ఆ దాటడాన్ని తెల్లవారుజామున లాంతరు వెలుగులో చదివి డాక్టరును లేపిన పిల్ల నాలుగో తరగతో అయిదో తరగతో చదివి ఉండొచ్చు. ఆమెది తెలివి కాదు, దయ మాత్రమే అంటారా?

వార్డు నడపడం ఇంకో విద్య. ఈ రోజుల్లో దాన్ని నర్సింగ్ మేనేజ్‌మెంట్ అని కాలేజీల్లో చెబుతున్నారు. ఎవరి మంచం ఎక్కడ వెయ్యాలి, ఉన్న ఇద్దరు మనుషుల్ని ఎవరి మీద పెట్టాలి, దుప్పట్ల లెక్క, డైట్ చీటీ, ఇండెంటు పుస్తకం, మత్తుమందుల బీరువా తాళం, డ్యూటీ దిగేవాళ్లు ఎక్కేవాళ్లకు అప్పజెప్పడం.

మాలో ఒకరి పెద్దమ్మ ఒక జిల్లా ఆస్పత్రిలో వార్డు సిస్టరుగా ముప్పై ఏళ్లు చేసి రిటైరైంది. సీరియస్ కేసును ఆమె ఎప్పుడూ తన బల్లకు ఎదురుగా, తలుపు పక్క మంచంలో వేయించేది. మూల గదిలో వేస్తే చుట్టాలకు మర్యాద, రోగికి చావు అనేది. అప్పజెప్పడం బల్ల దగ్గర కూచుని ఒప్పుకునేది కాదు, మంచం మంచానికీ నడవాల్సిందే. బీపీ చూడకముందే దుప్పటి ఎత్తి పాదాలు తాకేది. పాదాలు చల్లబడితే యంత్రం కన్నా ముందే తెలుస్తుందట. ఈ పెద్దమ్మే ఇంకో సంగతీ చెప్పింది. స్మారకం లేని ఒక పెద్దింటి ముసలాయనకు పన్నెండు రోజులు గొట్టంతో పాలు పోసింది, ఒళ్లంతా కడిగింది. పదమూడో రోజున ఆయన కళ్లు తెరిచి నీళ్లడిగితే గ్లాసు అందించబోయింది. కోడలు అడ్డమొచ్చి, "మేమిస్తాంలేమ్మా" అని ఇంటినుంచి తెచ్చిన చెంబు తీసింది. పెద్దమ్మ గ్లాసు బల్లమీద పెట్టి, ఎంత తాగాడో చార్టులో రాసుకుంది. "రాయకపోతే లెక్క తప్పుద్ది గదే" అంది మాతో. అంతకుమించి దాని గురించి మాట్లాడలేదు.

చట్టాలు నెమ్మదిగా వచ్చాయి. 1926లో మద్రాసు రాష్ట్రం నర్సుల, మంత్రసానుల రిజిస్ట్రేషన్ చట్టం చేసింది. 1946లో భోర్ కమిటీ ఇచ్చిన లెక్కలో 43,000 మందికి ఒక నర్సు తేలింది. ఉన్న ఆ కొద్దిమందీ ఎట్లాంటి వసతుల్లో బతుకుతున్నారో కూడా ఆ కమిటీ రాసింది. అదే ఏడు ఢిల్లీలో, వేలూరులో నర్సింగ్ డిగ్రీ మొదలైంది. 1947లో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం. వృత్తికి గౌరవం పెరిగేకొద్దీ గడప ఎత్తు కూడా పెరిగింది. ముందు మెట్రిక్, తర్వాత ఇంటర్, ఇంగ్లీషు చదువు, ప్రైవేటు కాలేజీ ఫీజు. ఇప్పుడు క్రిటికల్ కేర్‌లో నర్స్ ప్రాక్టీషనర్ అనే పీజీ కోర్సు కూడా ఉంది. మంచి చదువే, కాదనం. కానీ ఆ జ్ఞానాన్ని లాంతరు వెలుగులో కూడబెట్టినవాళ్ల మనవరాళ్లు ఆ గడప ఎంతమంది దాటుతున్నారన్నది విడిగా లెక్క తీయాల్సిన పని.

మనలో మనం దాచుకోకుండా చెప్పుకోవాల్సిందీ ఒకటుంది. నర్సు చేతినుంచి బెడ్‌పాన్ క్రమంగా ఆయా చేతికి, ఆమెనుంచి స్వీపరు చేతికి దిగింది. ఆ స్వీపరు చాలాచోట్ల రెల్లి మనిషో మాదిగ మనిషో. ఒకే వాడనుంచి, ఒక్కోసారి ఒకే కుటుంబంనుంచి వచ్చినవాళ్ల మధ్య తెల్లబట్టలు గీత గీశాయి. 'సిస్టర్' అని పిలిపించుకున్న మనవాళ్లు, స్వీపరును పేరు పెట్టి పిలిచారా, "ఏయ్" అని పిలిచారా? సీరియస్ రోగి బతకడంలో ఆ మూడో మనిషికీ వాటా ఉంది. ఆమె పక్కబట్ట మార్చకపోతే సిస్టరు చార్టు ఎంత బాగా రాసినా పుండు మానదు. నర్సింగ్ చరిత్రలో మాల మాదిగ స్త్రీలని పేరు పెట్టి, ఆమెను బయట నిలబెట్టడం మాకు ఇష్టం లేదు.

2020ని ప్రపంచ ఆరోగ్య సంస్థ నర్సుల, మంత్రసానుల సంవత్సరమని ప్రకటించింది. ఆ ఏడే కరోనా వచ్చింది. కొడుకు తండ్రిని ముట్టుకోవడానికి భయపడిన ఆ నెలల్లో, ఊపిరందని మనిషిని బోర్లా తిప్పి పడుకోబెట్టినవాళ్లు నర్సులు, ఆయాలు. పక్క మార్చడం అనే ఆ పాత పనే మళ్లీ ప్రాణం నిలిపే వైద్యమైంది. మే 3న హైదరాబాదు గాంధీ ఆస్పత్రి మీద హెలికాప్టరుతో పూలు చల్లారు. జులైలో అదే ఆస్పత్రి ఔట్‌సోర్సింగ్ నర్సులు ఉద్యోగ భద్రత కోసం, జీతం కోసం డ్యూటీ ఆపి బయట కూచున్నారు.

మా పని ఇంకా మొదట్లోనే ఉంది. మిషన్ నివేదికల్లో డాక్టరమ్మల పేర్లు నిండుగా ఉంటాయి. మన స్త్రీలు చాలాచోట్ల 'దేశీయ నర్సు'గానో, ఫొటోలో వెనక వరసగానో కనిపిస్తారు. వాళ్ల చేతిరాత ఉన్న రాత్రి రిపోర్టు పుస్తకాలు పాత కాగితాల కొట్టుకు పోయే వస్తువులు. మీ అమ్మమ్మ, నాయనమ్మ, మేనత్త ఎవరైనా నర్సుగా, కాంపౌండరుగా, ఆయాగా, స్వీపరుగా ఆస్పత్రిలో చేసి ఉంటే, వాళ్ల సర్టిఫికెట్టు, ఫొటో, డ్యూటీ పుస్తకం ఏది మిగిలినా మాకు తెలియజేయండి. ఏమీ మిగలకపోతే, వాళ్లు ఏ వార్డులో చేశారో, సీరియస్ కేసును ఎట్లా చూసుకునేవాళ్లో మీకు గుర్తున్నంత రాసి పంపండి.