సీమ ఇసుక

ఏటా మే నెల వచ్చిందంటే ఎడిటర్ గారి ఫోను తప్పదు. "పదిహేనున కాటన్ దొర జయంతి కదండీ, ఏదో ఒకటి రాసిపెట్టండి. శుక్రవారానికి నా చేతిలో ఉండాలి." ధవళేశ్వరం ఆనకట్ట మీద రాశాను, గుర్రమెక్కిన దొర విగ్రహం మీద రాశాను, గోదాట్లో మునకేసి ఆయనకి దండం పెట్టుకునే పెద్దల మీదా రాశాను. ఈసారి దొరని కాస్త పక్కన కూర్చోబెట్టి, ఆనకట్ట రాళ్ల మధ్యన మెత్తిన సున్నం సంగతి రాస్తానన్నాను. ఫోనులో కాసేపు చప్పుడు లేదు. "బొమ్మలు దొరుకుతాయంటారా?" అన్నారు.

సున్నానికి చరిత్ర పొడుగే గాని కాగితాలు తక్కువ. నాగార్జునకొండ నుంచి చార్మినారు దాకా పదమూడు వందల ఏళ్ల దూరం. ఆ మధ్యలో ఎవరు ఏ పాళ్లలో కలిపారో రాసిపెట్టినవాళ్లు అరుదు. శాసనంలో గుడి కట్టించిన రాజు బిరుదులుంటాయి, దానమిచ్చిన గోవుల లెక్క ఉంటుంది, సున్నం ఆడించినవాడి పేరు మాత్రం వెతుక్కోవాలి. కాబట్టి హనుమంతుడిలా ఒక్క దూకు దూకి మా తాతగారి పెరట్లో దిగుదాం.

ఆ పెరట్లో గుండ్రటి గాడి ఒకటి ఉండేది. అందులో రాతి చక్రం, చక్రానికి కాడి, కాడికి ఎద్దు. విరిసిన సున్నం, ఇసుక, ఇటుక పొడి పోసి, బెల్లం నీళ్లు చిలకరిస్తూ, కరక్కాయలు ఊరిన నీళ్లు కలుపుతూ పొద్దంతా తిప్పేవారట. నేను చూసేనాటికి గాడిలో కోళ్లు పొదుగుతుండేవి, 'గానుగ సున్నం' అన్న మాటొక్కటే ఇంట్లో మిగిలింది. దాని పరీక్ష కూడా నాయనమ్మ చెప్పగా విన్నదే. తాపీ మేస్త్రి చిటికెడు ముద్ద తీసి, వేళ్ల మధ్య నలిపి జిగురు చూసేవాడు. గోడ మీద ఆరాక బొటనవేలి గోరు గుచ్చేవాడు. గోరు దిగితే ఇంకో పూట ఆగాలి, జారితే పైవరస పెట్టుకోవచ్చు. ఆ మాటకి అప్పీలు లేదు.

1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట సున్నం కాలపు కట్టడమే. పోర్ట్‌లాండ్ సిమెంటు అప్పటికి ఇంగ్లండులోనే కొత్త సరుకు. గోదావరికి రాకముందు కాటన్ కావేరి మీద పనిచేశాడు. అక్కడి కల్లణై చూసి, వదులు ఇసుకలో పునాది నిలబెట్టే విద్య మీ పాతవాళ్ల దగ్గరే నేర్చుకున్నామని దాపరికం లేకుండా ఒప్పుకున్నాడు. ఆ తరం దొరల్లో చెబితే వినేవాళ్లు కొందరుండేవారు.

తర్వాతి తరం పుస్తకాలతో దిగింది, సూదితో కూడా. నీళ్లలోనూ బిగిసే సున్నం మర్మం ఏమిటో 1818లో లోకానికి చెప్పిన ఫ్రెంచి ఇంజనీరు లూయీ వికా పేరు మీద ఆ సూది ఇప్పటికీ ప్రతి సిమెంటు ల్యాబులో ఉంది. సన్నటి సూది, దాని పైన బరువు. ముద్దలోకి సూది ఎంత దిగుతుందో చూసి బిగువు చెబుతారు. మన మేస్త్రి గోరే అది! గోటికి అంకెలు లేవు, అంతే తేడా.

ఇక సిమెంటు. 1824లో లీడ్స్ ఊరి ఇటుక పనివాడు జోసెఫ్ ఆస్ప్‌డిన్ దానికి పేటెంటు తీసుకున్నాడు. కానీ సర్కారీ పనుల్లో దాన్ని నమ్మించింది జాన్ గ్రాంట్ అనే ఇంజనీరు. లండన్ మురుగు కాలవల కోసం 1859 నుంచి వచ్చిన సరుకునల్లా లాగి, విరిచి, లెక్క రాసి, నిలిస్తేనే తీసుకున్నాడు. ఆ అలవాటు పీపాలతో పాటు ఓడెక్కి మన రేవులకూ వచ్చింది. పీపాకి నాలుగు వందల పౌండ్లు, కాస్త అటూ ఇటూ. సముద్రపు చెమ్మ సోకి పీపాలో సిమెంటు గడ్డకట్టిందంటే తప్పు అమ్మినవాడిదా, ఓడదా, గోదాము గుమస్తాదా? ఎవరి మట్టుకు వారు చేతులు దులుపుకోవడానికి ఇంతకన్నా వీలైన సరుకు ఇంకోటుందా!

నాకు ముద్దొచ్చే సంవత్సరం 1904. ఆ ఏడు మద్రాసు వాషర్మన్‌పేటలో సౌత్ ఇండియా ఇండస్ట్రియల్స్ అనే కంపెనీ సముద్రపు గుల్లల్ని కాల్చి పోర్ట్‌లాండ్ సిమెంటు చేయబోయింది. తమలపాకులోకి గుల్ల సున్నం చేసుకునే దేశంలో గుల్లతో సిమెంటు అన్న ఆలోచన ఎంత సహజంగా ఉందో చూడండి. అదే ఏడు చివర్లో లండన్‌లో ఇంజనీర్ల సంఘం వారు సిమెంటుకి తొలి బ్రిటిష్ స్టాండర్డ్ అచ్చేశారు. గుల్లలు ఇక్కడివి, కొలబద్ద అక్కడిది.

ఆ కొలబద్ద ఎలా పనిచేసేదో చెప్పకపోతే వ్యాసం రుచించదు. సిమెంటు ముద్దని ఇత్తడి అచ్చులో ఒత్తి, 8 అంకెలా ఒక బిళ్ల చేస్తారు. నడుము దగ్గర సరిగ్గా ఒక చదరపు అంగుళం. ఒకరోజు చెమ్మగాలిలో, ఆరు రోజులు నీళ్లలో ఉంచి, ఏడో రోజున పైనొక కొక్కెం, కిందొక కొక్కెం తగిలించి లాగుతారు. లాగేది మనిషి కాదు. ఒక రకం యంత్రంలో తులాదండం చివర డబ్బా, అందులోకి సన్న ధారగా సీసపు గుళ్లు. గదిలో ఆ గుళ్ల చప్పుడు తప్ప ఇంకేం ఉండదు. ఉన్నట్టుండి టక్కుమని బిళ్ల నడుం విరుగుతుంది, ధార ఆగిపోతుంది. డబ్బాలో గుళ్లు తూచి బలం లెక్కగడతారు. ఉత్త సిమెంటు బిళ్ల 400 పౌండ్లు ఆపాలి. మూడు పాళ్ల ఇసుక కలిపినదైతే 120.

తిరకాసంతా ఆ ఇసుకలో ఉంది. ఏ ఇసుక పడితే ఆ ఇసుక పనికిరాదు, లైటన్ బజర్డ్ అనే ఇంగ్లీషు ఊరి క్వారీ ఇసుకే కావాలి. గోదావరి, కృష్ణ, పెన్న ఒడ్డున పుట్టినవాళ్లం, మనకి ఇసుక కరువా? అయినా ఆ స్టాండర్డు ప్రకారం తూచాలంటే ఇసుక సీమ నుంచి ఓడలో రావాల్సిందే. గాలీ నీళ్లూ 58 నుంచి 64 ఫారెన్‌హీట్ డిగ్రీల మధ్య ఉండాలని మరో షరతు. మద్రాసులో డిసెంబరు తెల్లవారుజామున కూడా కష్టమే, మే నెల సంగతి చెప్పక్కర్లేదు. వేడికి సిమెంటు త్వరగా బిగుస్తుంది. అది సిమెంటు దోషమో, ఎండ దోషమో, థర్మామీటరు దోషమో తేల్చాలంటే ఇంకో పీపా పగలగొట్టాలి.

వాషర్మన్‌పేట ప్రయత్నం ఎక్కువకాలం నిలవలేదు. 1914లో పోర్‌బందరులో, ఆ వెంటనే కట్నీలో, బూందీలో ఫ్యాక్టరీలు లేచాయి. యుద్ధం పుణ్యమా అని దిగుమతి తగ్గి, నిన్నటిదాకా సందేహించిన సర్కారే స్వదేశీ సిమెంటుకి పెద్ద గిరాకీ అయింది. కలకత్తా అలీపూర్‌లో 1912 నుంచే గవర్నమెంట్ టెస్ట్ హౌస్ ఉంది. ఇక్కడి సరుకుని ఇక్కడే పరీక్షించి ఇక్కడే కొనడానికి స్టోర్స్ డిపార్ట్‌మెంటు మాత్రం 1922 దాకా రాలేదు. ఆ రోజుల్లోనే కంపెనీలు ధరలు కోసుకుని ఒకదాన్నొకటి ముంచుకున్నాయి. టారిఫ్ బోర్డు విచారణ చేసి, దేశీ సిమెంటు నాణ్యానికి వంక లేదని తేల్చింది. కావలసింది పరీక్షా గొట్టంలో నెగ్గడం కాదు, కొనేవాడి మనసులో నెగ్గడం. అందుకే 1927లో కాంక్రీట్ అసోసియేషన్ పెట్టి మరీ ప్రచారం మొదలెట్టారు.

సున్నం మాత్రం అంత తేలిగ్గా కుర్చీ దిగలేదు. మోక్షగుండం పేరు మోసుకు తిరిగిన విశ్వేశ్వరయ్య కృష్ణరాజసాగరాన్ని సుర్ఖీతోనే, అంటే మన ఇటుక పొడితోనే కట్టించారు. స్వాతంత్ర్యం వచ్చాక 1953లో ముగిసిన తుంగభద్ర డ్యాముదీ సుర్ఖీ సున్నమే. 1895 నాటి ముల్లపెరియార్ సుర్ఖీ ఇంకా గట్టిగా ఉందా లేదా అని రెండు రాష్ట్రాలు సుప్రీంకోర్టు మెట్లెక్కాయి.

ఇక్కణ్ణుంచి నా దారం చిక్కుపడుతుంది. స్వాతంత్ర్యం తర్వాత వచ్చిన మన స్టాండర్డు పరీక్షకి 27 సెల్సియస్ డిగ్రీలని రాసుకుంది. సీమ ఇసుక పోయి, మద్రాసు పక్కన ఎన్నూరు ఇసుక వచ్చింది. గెలిచామనుకునే లోపు సిమెంటే మాయమైంది. పర్మిట్లు, కోటాలు, తాసీల్దారు సంతకాలు. నాణ్యం అడిగే ధైర్యం ఎవరికుంది, బస్తా దొరికితే చాలు. 1982లో సిమెంటు కేటాయింపుల గొడవలోనే మహారాష్ట్ర ముఖ్యమంత్రి అంతులే కుర్చీ దిగారు. అదే ఏడు కంట్రోలు సడలింది. ఇప్పుడు గోడల నిండా సిమెంటు ప్రకటనలే.

ఈమధ్య మా వీధిలో ఒక అపార్ట్‌మెంటుకి శ్లాబు వేస్తుంటే వెళ్లి నిలబడ్డాను. ఓ మూలన ఆరు ఇనుప డబ్బాల్లో 15 సెంటీమీటర్ల ఘనాలు పోస్తున్నారు, 28 రోజులయ్యాక ల్యాబుకి పంపడానికి. వాటికోసం పక్కనే చిన్న తట్టలో విడిగా కలుపుతున్నారు, సిమెంటు కాస్త ధారాళంగా పోసి. అదేమిటి బాబూ అంటే సూపర్‌వైజరు కుర్రాడు నవ్వి, "ల్యాబుకెళ్లేవి కదండీ" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే వాకింగుకి వెళ్తూ తలెత్తి చూశాను. ముసలి మేస్త్రి ఒకాయన శ్లాబు అంచున గొంతుక్కూర్చుని బొటనవేలి గోటితో గీసి చూస్తున్నాడు. "ఇంకో రెండు బిందెలు పొయ్యండ్రా" అని కిందికి కేకేశాడు.