ప్రళయకావేరి నత్తకు 1960 నాటి గీత

మన గుంపులో మళ్లీ అదే వాదన మొదలైంది. హోసూరు తెలుగువాళ్లం ఎక్కడి నుంచి వచ్చాం? విజయనగర రాజుల కాలంలో వచ్చామని కొందరు, అంతకు ముందు నుంచే ఈ నేల మీద ఉన్నామని ఇంకొందరు. చివరికి ఒకరు "ఇంత రచ్చ ఎందుకు, డీఎన్ఏ పరీక్ష చేయించుకుంటే తేలిపోతుంది కదా" అన్నారు. ఆ మాట పట్టుకునే ఇది రాస్తున్నాను. కానీ మనుషుల గురించి కాదు, నత్తల గురించి. కాస్త ఓపిక పట్టండి.

సముద్రానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు మనది. ఉప్పునీటి నత్తతో మనకేం పని అంటారేమో. పని ఉంది. పటాస్కర్ తీర్పును అనుసరించి 1959లో ఆంధ్రప్రదేశ్, మద్రాసు హద్దుల మార్పు చట్టం వచ్చింది, 1960 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. తిరుత్తణి మద్రాసుకు పోయింది. బదులుగా చెంగల్పట్టు, సేలం జిల్లాల నుంచి కొన్ని ఊళ్లు ఆంధ్రకు వచ్చాయి. అప్పటి సేలం జిల్లా అంటే మన హోసూరు, కృష్ణగిరి ఉన్న జిల్లాయే. అంటే మన పక్క పల్లెల తలరాత, పులికాట్ వైపు పల్లెల తలరాత ఒకే చట్టంలో రాశారు. ఆ పులికాట్‌నే మనవాళ్లు ప్రళయకావేరి అన్నారు. స.వెం. రమేశ్ గారి 'ప్రళయకావేరి కథలు' చదివినవాళ్లకు ఆ పేరు కొత్త కాదు.

మన దేశంలో చిలికా తర్వాత అంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. సముద్రానికీ దీనికీ మధ్య శ్రీహరికోట అడ్డంగా ఉంటుంది. రాష్ట్రాల హద్దు నీళ్ల మీదుగా పోతుంది, ఎక్కువ భాగం ఆంధ్రలో, తక్కిన భాగం తమిళనాట. ఎక్కడిదాకా వల వేయొచ్చన్న దాని మీద రెండు వైపుల జాలర్లకు తగాదాలు వస్తూనే ఉంటాయి.

నీళ్లు తీసిన బురద పర్రల మీద వేలకు వేలుగా పాకే నత్త ఒకటి ఉంది. రెండు మూడు సెంటీమీటర్ల కోసు గుల్ల, చుట్టూ పూసలు గుచ్చినట్టు గీతలు. కోరింగ మడ అడవుల బురదలోనూ ఇది కనిపిస్తుంది. 1791లో గ్మెలిన్ అనే జర్మన్ పండితుడు దీనికి 'సింగులేటా' అనే మాటతో పేరు పెట్టాడు. ఇంటిపేరు మాత్రం మారుతూ వచ్చింది: సెరిథిడియా, సెరిథిడియోప్సిల్లా, ఇప్పుడు పిరెనెల్లా. (హోసూరా, హొసూరా అని కొట్టుకునే మన మిత్రులకు ఇది కొంచెం ఊరట.)

అసలు సంగతి ఇక్కడే ఉంది. అరబ్బు గల్ఫు నుంచి జపాన్ దాకా బురదల్లో ఇలా కనిపించే నత్తలన్నీ ఒకే జాతి అని చాలాకాలం అనుకున్నారు. చూపుకు అలాగే ఉంటాయి మరి. లండన్ మ్యూజియానికి చెందిన డేవిడ్ రీడ్, జపాన్ శాస్త్రవేత్త తొమొవో ఒజావా గుల్లలతో పాటు జన్యువులనూ పోల్చి 2016లో పెద్ద పరిశీలన అచ్చు వేశారు. ఒకే పేరు కింద ఉన్నవి నిజానికి పలు జాతులని తేలింది. రూపం ఒకటే, పేరు ఒకటే, వంశాలు మాత్రం వేరు.

జపాన్‌లో దీని దూరపు చుట్టం లాంటి బురదనత్త ఇంకొకటి ఉంది, బటిల్లారియా. దీని పిల్లలు నీళ్లలో ఈదవు, గుడ్డు నుంచి బయటికి వచ్చి అక్కడే పాకుతాయి. అందుకే ఒక తీరం నత్త ఇంకో తీరానికి సులువుగా పోలేదు. జన్యువులు చూస్తే పసిఫిక్ వైపు కురొషియో ప్రవాహం ఉన్న తీరానిది ఒక వంశం, జపాన్ సముద్రం వైపు సుషిమా ప్రవాహం ఉన్న తీరానిది ఇంకో వంశం. ఇదే నత్త అమెరికా పడమటి తీరంలోనూ ఉంది. పోయిన శతాబ్దంలో జపాన్ నుంచి ఆల్చిప్పల పెట్టెల్లో దాక్కుని చేరింది. అమెరికా నత్తల జన్యువులు ఈశాన్య జపాన్‌లో మియాగి ప్రాంతం వైపు వేలు చూపించాయి. ఆల్చిప్పల విత్తనం ఎక్కువగా పోయింది కూడా అక్కడి నుంచే.

డీఎన్ఏ మాట ఎత్తిన మిత్రుడికి నా జవాబు ఇదే. జన్యువు దారి చెబుతుంది, నుడి చెప్పదు. మన తాతలు ఏ కనుమ దాటారో కొంత చెప్పగలదేమో కానీ, ఇంట్లో అవ్వ ఏ మాటతో అన్నానికి పిలిచిందో ఏ పరీక్షకూ దొరకదు. తెలుగు బడి కావాలని అడగడానికి వంశవృక్షం చూపించాల్సిన పని లేదు. మనం ముందొచ్చామా, వెనకొచ్చామా అన్నది చరిత్ర ప్రశ్న, హక్కు ప్రశ్న కాదు.

ప్రళయకావేరి నత్త విషయానికే వస్తే, బటిల్లారియాలా కాదు, దీని పిల్లలు కొన్నాళ్లు నీటిలో ఈదుతూ తిరిగి తర్వాత బురదలో దిగుతాయి. వాటికి 1960 నాటి గీత అడ్డం కాదు. అడ్డమయ్యేది ఇసుక. సముద్రం నీళ్లు లోపలికి వచ్చి పోయే ముఖద్వారాలు పూడుకుపోతే పోటూ పాటూ ఆగిపోతాయి, ఎండల్లో పర్రలు ఎండి ఉప్పు పేరుకుంటుంది. ఆంధ్ర వైపు రాయదొరువు ముఖద్వారానికి ఇదే గతి పట్టింది. చేపా రొయ్యా తగ్గితే వల పట్టిన చేతులు తెలుగువా, తమిళమా అని చూడదు.

చలికాలంలో సూళ్లూరుపేటకు రాజహంసల పండుగ చూడటానికి పోయే మనవాళ్లు ఈసారి ఒక్క నిమిషం తల దించి బురద కూడా చూడండి. వీలైతే పళవేర్కాడు వైపూ పోయి రండి. రెండు చోట్లా గుల్లల ఫోటోలు తీసి గుంపులో పెట్టండి. బతికున్న నత్తలను మాత్రం ఇంటికి తేవద్దు.